మైనం మీద మీగడ

ఆ పొద్దున ఆకాశం కిందికి దిగి ఉంది. కడెం వైపు గుట్టలు కనబడలేదు. మబ్బు కురవదు, కదలదు. సూర్యుడు ఎక్కడున్నాడో చెప్పడానికి ఒక తెల్లటి మరక, అంతే. చలి ఎముకల్లో కూర్చుంది.

నాకు కావలసింది అట్లాంటి పొద్దే. దానికోసం ఖానాపూర్ ముసాఫిర్‌ఖానాలో రెండు రోజులు ఒక్కడినే కూర్చున్నాను.

దవాఖాన గేటు కాడ కావలి ముత్యం నిప్పు కాగుతున్నాడు.

"లచ్చయ్య చేతులు కాలిన నాడు గూడ మొగులు ఇట్లనే ఉండెనా?" అని అడిగాను.

"గిట్లనే సార్. గీ చలే. ఎందుకు?"

లోపలికి నడిచాను.

అది కుష్ఠు దవాఖాన. ఊరికి ఆరు మైళ్ళు ఎడంగా కట్టారు. లచ్చయ్యది హుజూరాబాద్ తాలూకా, ఇరవయ్యారేళ్ళ రైతు. రోగం నయమైంది కానీ వేళ్ళు ముడుచుకుపోయాయి. ఆపరేషన్ చేసి వేళ్ళు సాపు చేశారు. ఆ పైన చేతులకు పని నేర్పాలి. రోజూ కరిగిన మైనంలో చేతులు ముంచితే కీళ్ళు వదులవుతాయి, తర్వాత మగ్గం మీద కూర్చోబెడతారు. పనే మందు. గది మీద పలకలో 'పనివైద్యశాల' అని ఉంది. రోగులు మాత్రం దాన్ని చేతుల బడి అంటారు.

ఒక మంగళవారం ఆ మైనం వేడికి లచ్చయ్య రెండు చేతులూ ఉడికిపోయాయి. స్పర్శ లేదు కనుక అరవలేదు. మరుసటి సోమవారం ధనుర్వాతంతో దవడలు బిగుసుకుని చచ్చిపోయాడు. తల్లి భూమవ్వ కరీంనగర్ కలెక్టరు కచ్చేరి మెట్ల మీద మూడు రోజులు కూర్చుంది. కొడుక్కు చేతులు బాగుచేస్తమని తీసుకపోయి పీనుగను పంపిండ్రు అని ఒకటే మాట. అట్లా కేసు సి.ఐ.డి.లో నా బల్ల మీదికి వచ్చింది.

కానీ చోటు ఆదిలాబాద్ జిల్లాది. అందుకని అక్కడి ఇన్‌స్పెక్టర్ అంబదాస్ నాకంటే ముందే ఉన్నాడు. ముప్పై ఏళ్ళవాడు, బి.ఏ. చదివాడు. నేను జవానుగా చేరి ఇరవై రెండేళ్ళకు సబ్ ఇన్‌స్పెక్టర్‌నైనవాణ్ణి. ఆ సంగతి అతను మరిచిపోనిచ్చేవాడు కాదు.

"రండి జమేదార్ సాబ్," అన్నాడు, నేను దాటి వచ్చిన పాత హోదాతో పిలుస్తూ, వరండా మెట్టు మీద నిలబడి. లోపలికి రాలేదు. "మీరు వచ్చేటాల్లకు పని అయిపోయింది. గీ మనిషి ఒప్పుకున్నడు. రెండు గంటలకు జీపుల తీసుకపోతున్న."

గీ మనిషి అన్నది సిద్దిరాములును. చేతుల బడిలో సహాయకుడు. సిరిసిల్ల వైపు సాలె, యాభై ఏళ్ళుంటాయి. ఒకప్పుడు ఇక్కడి రోగే. నయమయ్యాక వెనక్కి పోలేదు. వరండా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. వేళ్ళు సగం ముడుచుకుని ఉన్నాయి, రెండు వేళ్ళు కురచ.

"ఏమని ఒప్పుకున్నవ్?" అని అడిగాను.

"నాదే తప్పు," అన్నాడు.

అంబదాస్ నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. దవాఖాన నియమావళిలోని పుట. "చదువుకోండి. కాయిదా సాఫ్ ఉన్నది."

చదివాను. పర్యవేక్షణ అనగా, పరీక్ష ప్యాసైన పనివైద్యురాలు అదే గదిలో ఉండి, వాడబోవు వస్తువును తన చేతితో పరీక్షించి, నోటితో ఆజ్ఞ ఇచ్చుట. సహాయకుడు ఆజ్ఞ లేకుండా ఏ చికిత్సయు మొదలుపెట్టరాదు. ఆజ్ఞ అయిన పిమ్మట దానిని మార్చరాదు.

"ఈడి పనివైద్యురాలు గేటు కాడికి పోయినంక వీడు ఒక్కడే ఉండి మైనం మళ్ళ కాగవెట్టిండు," అన్నాడు అంబదాస్. "ఆజ్ఞ లేదు. పర్యవేక్షణ లేదు. ఇంకేం కావాలె?"

"కింద ఇంకో మాటున్నది."

"ఏందది?"

"ఆజ్ఞ అయినంక మార్చద్దని."

"దాంతోటి మనకేం పని?"

"తెల్వదు. ఉన్నది కాబట్టి చదివిన."

అతను నవ్వాడు. "మీ ఊరి బడిల అక్షరం అక్షరం చదివిస్తరేమో సాబ్."

*

నర్మద ఆ దవాఖాన పనివైద్యురాలు. నిర్మల్ మనిషి, బొంబాయిలో చదివింది. జిల్లా మొత్తానికి ఆ పరీక్ష ప్యాసైనది ఆమె ఒక్కతే. నాలుగేళ్ళుగా ఇక్కడే ఒక గది ఇంట్లో ఉంటోంది. నాకు ఇత్తడి గ్లాసులో చాయ పోసింది. నేను కండువా కొంగుతో పట్టుకున్నాను. ఆమె తన గ్లాసును అరచేతుల మధ్య చుట్టి పట్టుకుని కూర్చుంది. చలికి అనుకున్నాను.

"మైనం ఎన్నింటికి చూసినరమ్మా?"

"తొమ్మిదికి సార్. రోజూ తొమ్మిదిన్నరకు చూస్త. ఆ రోజు జర ముందు చూసిన."

"ఎందుకు ముందు?"

"తొమ్మిదీ అయిదుకు బస్సు వస్తది. మా థర్మామీటరు పగిలి అప్పటికి పది దినాలాయె. హైదరాబాదుకు రాసినం. టపాల వస్తదేమోనని గేటుకు పోవాలనుకున్న."

"వచ్చిందా?"

"రాలే. ఇప్పటికీ రాలే."

"మరి మైనం ఏంటితోటి చూసినరు?"

"చేతితోటే. గట్ల చూడచ్చని కాయిదాలనే ఉన్నది. ఓర్చుకునే వేడే ఉండె. పెట్టించు అని చెప్పి, బస్సు కూత వినంగనే పోయిన. గదిలనుంచి పోవుడు తప్పే, అది రాసుకోండ్రి. తిరిగి వస్తుంటే సిద్దిరాములన్న లచ్చయ్యను మోసుకొని కట్లు గట్టే కట్టుగది దిక్కు ఉరుకుతుండు."

"మీరు పోయినంక సిద్దిరాములు మళ్ళ స్టవ్ ముట్టిచ్చిండంటరా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "గంతమాట అన నాకు నోరు వస్తలేదు. నాలుగేండ్లల ఒక్కసారి మాట జవదాటలే. కని వేరే తీరుగ ఎట్లయితది సార్? నేను చూసినప్పుడు వేడి లేదు."

ఇరవై రెండేళ్ళుగా అబద్ధాలు వింటున్నాను. అది అబద్ధం కాదు. ఆమె కుడిచేతి వెనకభాగాన, చిటికెన వేలి దగ్గర, చర్మం పొరలు లేచి ఉంది. కాలిన మచ్చ. మానుతోంది.

"గదేంది?"

ఆమె దాన్ని కొత్తగా చూసినట్టు చూసింది. "పొయ్యి కాడ తాకిందేమో. ఎప్పుడో యాదికి లేదు."

"నిర్మల్ పోతుంటరా?"

"పోయిన దీపావళికి పోయిన. వాకిట్ల చాప వేసిండ్రు. గ్లాసు వేరే పెట్టిండ్రు. నాకు రోగం లేదు బాపూ అన్న. ఉండనీ బిడ్డా అన్నడు." ఇంత చెప్పి చాయ తాగేసింది.

*

ఎనిమిదిన్నరకు మైనం గదిలోకి పోయాం. ఒక ఇనుప గిన్నె, పంపు స్టవ్, బల్ల. కిటికీ పక్కన ఐలవ్వ అనే ముసలి రోగి పత్తి ఏకుతోంది. లేవమంటే లేవలేదు. "నా జాగ గిదే," అంది. అంబదాస్ గడప బయటే నిలబడి రుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు.

"అదే చలి ఉన్నది, మైనం అట్లనే ఆరుతది. ఆ రోజు చేసినట్టే చెయ్యి," అన్నాను సిద్దిరాములుతో.

అతను మణికట్టుతో పంపు కొట్టాడు. మైనం కరిగింది. ఇరవై నిమిషాలకు స్టవ్ ఆర్పి బయట పెట్టి వచ్చాడు. గిన్నె ముందు గొంతుకూర్చుని చూస్తూ ఉన్నాడు. తొమ్మిదైంది. అతను కదలలేదు.

"ఇంకేం చూస్తున్నవ్?"

"మీగడ."

ఇంకో అరగంటకు మైనం మీద పల్చటి తెల్లటి పొర పాకింది, పాల మీద మీగడ తీరుగా. అప్పుడు చొక్కా చేయి పైకి మడిచి, మోచేయి ఆనించాడు. సాలెలు నూలుకు పెట్టే గంజిని అట్లాగే చూస్తారు. అతని అరచేతులకు స్పర్శ లేదు, మోచేతికి ఉంది.

"గిప్పుడు పెట్టచ్చు," అన్నాడు.

నేను వేలు పెట్టాను. వెచ్చగా, హాయిగా ఉంది. గడియారం చూసి, స్టవ్ మళ్ళీ ముట్టించమన్నాను. రెండు నిమిషాలకోసారి వేలు ముంచాను. పద్దెనిమిదో నిమిషాన నాకు బొబ్బ లేచింది.

"పద్దెనిమిది," అన్నాను.

"వాడు పంపు ఎక్కువ కొట్టిండు గావచ్చు," అన్నాడు అంబదాస్.

"రా. నువ్వే కొట్టు."

అతను గడప వైపు చూశాడు, నా వైపు చూశాడు. లోపలికి రావలసి వచ్చింది. మళ్ళీ మీగడ కట్టేదాకా ఆగి, చెమట పట్టేట్టు కొట్టాడు. ఈసారి పద్నాలుగు నిమిషాలు. నా ఇంకో వేలికీ బొబ్బ లేచింది.

"ఆ రోజు బస్సు తొమ్మిదీ అయిదుకు వచ్చింది. కండక్టరు కాయితం చూసిన," అన్నాను. "కట్టుగది రిజిస్టరుల లచ్చయ్య పేరు తొమ్మిదీ పదిహేనుకు ఎక్కింది. ఈడ నుంచి గాడికి మనిషిని మోసుకపోతే మూడు నిమిషాలు. మిగిలింది ఏడు. ఏడు నిమిషాలల్ల నువ్వు గూడ కాగవెట్టలేవు ఇన్‌స్పెక్టర్ సాబ్."

అంబదాస్ చేతులు తుడుచుకున్నాడు. కోపం రాలేదు. అదే నాకు నచ్చలేదు.

"అంటే తొమ్మిదింటికే మైనం సలసల కాగుతున్నది."

"అవును."

"అంటే గా నర్మదబాయి చూడనే లేదు. చూడకుంటనే చూసిన అని చెప్పి బస్సుకాడికి ఉరికింది." అతని ముఖం వెలిగింది. "బరోబర్! జమేదార్ సాబ్, మీకు సలాం. ఒక్కణ్ణి అనుకుంటే ఇద్దరు దొరికిండ్రు. చదువుకున్న మనిషి, సర్కారు నౌకరి. పేపర్ల వస్తది."

"తొందరపడకు."

"ఖానాపూర్ పోయి పెద్ద సాబ్‌కు ఫోన్ చేసి వస్త. తిండి గూడ ఆడనే. గీ జాగల నేను నీళ్ళు గూడ తాగ." మెట్లు దిగుతూ వెనక్కి తిరిగాడు. "రెండింటికి తయారుండండ్రి."

జీపు పోయింది. కిటికీ దగ్గర ఐలవ్వ పత్తి ఏకడం ఆపింది.

"ఏం సారూ, మా బడి మూస్తరా?"

"ఎందుకడుగుతున్నవ్?"

"ఆ అమ్మను తీసుకపోతే ఎవ్వరు చూస్తరు? ఆమె లేకుంట బడి తెరువద్దని రాసి ఉన్నదట గద. నలభై మందిమున్నం. పోయిన్నెల నేను నా చేతులతోటి అన్నం తిన్న. తొమ్మిదేండ్లకు."

నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. "అవ్వా, ఆ రోజు నువ్వు ఈన్నే ఉన్నవా?"

"ఇంకెక్కడ ఉంట? చుట్టపు చూపుకు పోయి ఉంటనా?"

"ఆమె మైనం చూడలేదంటుండు అంబదాస్."

"వాని కండ్లల్ల మన్ను వడ! చెయ్యి పెట్టింది. చెయ్యి వెనక దిక్కు పెట్టి, గింతసేపు ఉంచి తీసింది. నా చేతులు పోయినయి కని కండ్లు పోలే."

"అదరలేదా?"

"ఎందుకు అదురుతది? మెల్లగ తుడుచుకున్నది. సిద్దన్న 'మీగడ కట్టలేదమ్మా' అన్నడు. ఆమె 'నేను చూసిన గద అన్నా, పెట్టించు' అన్నది. బస్సు కూత వెట్టింది. పోయింది. గంతే."

బొబ్బలెక్కిన నా రెండు వేళ్ళు చూసుకున్నాను. రెప్పపాటు ముంచితేనే ప్రాణం గిలగిల్లాడింది. ఆమె గింతసేపు ఉంచిందట.

*

సిద్దిరాములు స్తంభానికే ఆనుకుని ఉన్నాడు. అతని పక్కన కూర్చున్నాను.

"మీగడ కట్టలే అన్నవట."

"ఐలవ్వకు నోట్ల నువ్వుగింజ నానది."

"అన్నవా లేదా?"

బయట మబ్బు అట్లాగే ఉంది.

"సార్, మీకు పెండ్లాం పిల్లలున్నరా?" అని అడిగాడు చివరికి.

"పెండ్లాం ఉండె. నాలుగేండ్లాయె పోయి."

"వంట?"

"హోటల్ల."

తల ఊపాడు. నా కేసు పూర్తిగా అర్థమైనట్టు. "నాకు పెండ్లి మాట నడుస్తుండె. గప్పుడు ఇరవై ఏడు. ఒకనాడు పొయ్యి మీదికెల్లి గంజి గిన్నె దించిన. కింద పెట్టి చూస్తే మా అవ్వ నా దిక్కే చూస్తున్నది. ఏందవ్వా అన్న. మాట్లాడలే. వట్టి చేతులతోటే దించిన సార్. గుడ్డ లేదు. నేను చూసుకోలే, ఆమె చూసింది. మర్నాడు పొద్దుగాల నా బువ్వ వాకిట్ల పెట్టింది. మా అవ్వనే."

"నాకెందుకు చెప్తున్నవ్ ఇది?"

"ఊకెనే. పొద్దు పోతలేదు."

అతను వాగు వైపు తిరిగి కూర్చున్నాడు.

*

పన్నెండు దాటాక నర్మద గుమ్మం దగ్గర నిలబడి పిలిచింది. "సార్, ఖానాపూర్ దాక పోయి తింటరా? లేకపోతే..." మిగతాది అనలేదు. బయటివాళ్ళు ఇక్కడ తినరు, ఆమెకు తెలుసు.

"ఈడనే తింట," అన్నాను. "సిద్దిరాములు నా కాపలల ఉన్నడు. అతన్ని గూడ తోలుకొస్త."

ఆమె ఇల్లు ఒకే గది. ఒక మంచం, పుస్తకాల పెట్టె, పొయ్యి. గోడకు ఆమె చదువు పట్టా, అద్దంలో. పొయ్యి మీద జొన్న గట్క కుతకుత ఉడుకుతోంది. పక్కన పప్పుచారు. ఆమె మూడు పళ్ళాలు కడిగి పెట్టింది. ఎప్పుడూ ఒక్కటే వాడతారని తెలుస్తోంది. మిగతా రెండూ కొత్తవిలా మెరుస్తున్నాయి.

"ఆ ఇన్‌స్పెక్టర్ నన్ను గూడ పట్టుకపోతడట గద," అంది, అటు తిరిగి. "ముత్యం చెప్పిండు. చూడకుంట చూసిన అన్ననట. సార్, నేను చూసిన."

"నాకు తెలుసమ్మా."

"మరి ఎట్లయింది?"

ఆమె వంగింది. రెండు చేతులతో కుండను రెండు వైపులా పట్టుకుని పొయ్యి మీదినుంచి ఎత్తింది. కుండ మసి మీద ఎర్రటి రవ్వ ఒకటి ఇంకా పాకుతోంది. నెమ్మదిగా నాలుగడుగులు నడిచి, మా ముందు దించింది. గట్క ఇంకా బుడగలు పోస్తోంది.

సిద్దిరాములు అప్పటికే సగం లేచి ఉన్నాడు. అతని చేతిలో గోనెగుడ్డ ఉంది. ఎప్పుడు తీశాడో నేను చూడలేదు. ఆమె వంగకముందే తీసి ఉంటాడు.

"అమ్మా," అన్నాడు, చాలా మెల్లగా. "గుడ్డ."

ఆమె గుడ్డను చూసింది. అతని ముఖం చూసింది. తర్వాత తన అరచేతులను తిప్పి చూసుకుంది. ఎర్రగా కందిపోయాయి. చిటికెన వేలి వైపు మసి అంటుకుంది. ఎడమచేతి గోరుతో అక్కడ గీరింది. ఇంకోసారి గట్టిగా గీరింది. నాలుగేళ్ళుగా రోజూ నలభై మంది చేతుల మీద ఆమె చేస్తున్న పరీక్ష అదే. తన చేతి మీద చేసుకోవాలని ఎవరూ రాయలేదు.

కూర్చుండిపోయింది.

"మీగడ కట్టలే అన్నవు గదన్నా," అంది.

"అన్న."

"మళ్ళొకసారి ఎందుకు చెప్పలే?"

"నేను చేరిన నాడు కాయిదా మీరే చదివి వినిపిచ్చిండ్రు. ఆజ్ఞ అయినంక మార్చద్దని." అతను గోనెగుడ్డను ఆమె ముందు పెట్టాడు. "లచ్చయ్య చేతులు వట్టుకొని ముంచింది నేనే అమ్మా. వేడున్నదని నాకు ఎరుకే. పరీక్ష ప్యాసైన చెయ్యి చెప్పింది, నాదే తప్పయితదేమో అనుకున్న. మీరు బయటికి పోంగనే గుంజిన. గప్పటికే అయిపోయింది."

"పోలీసులకు ఎందుకు చెప్పలే?"

"నాకు జేల్ల బువ్వ పెడ్తరు," అన్నాడు సిద్దిరాములు. "మీకు ఏడ పెడ్తరు?"

ఆమె నా వైపు తిరిగింది. నిర్మల్ వాకిట్లో పరిచిన చాప ఆమె కళ్ళలో కనబడింది నాకు. "సార్, ఒక కాయితం ఇయ్యండ్రి."

"తిన్నంక రాయచ్చు."

"ఇప్పుడే."

ఇచ్చాను. నిలబడే రాసింది. నాలుగు వరుసలు. మైనాన్ని పరీక్షించిన చేతికి స్పర్శ లేదని, సహాయకుడు వద్దని హెచ్చరించాడని, ఆజ్ఞ తనదేనని. సంతకం కింద తేదీ వేసింది. 'పనివైద్యురాలు' అన్న మాట రాయబోయి ఆగింది. రాయలేదు. కాగితం నా పళ్ళెం కింద పెట్టింది. ఆ నాలుగు వరుసలతో సిద్దిరాములు బయటపడతాడు. రేపటి నుంచి చేతుల బడికి తాళం. ఆమె ఇదే దవాఖానలో ఎటువైపు వార్డుకు పోవాలో ముగ్గురికీ తెలుసు.

ఆమె మా ఇద్దరికీ వడ్డించింది. ఈసారి గోనెగుడ్డతో పట్టుకుంది. తన పళ్ళెంలో గట్క పెట్టుకుని, పళ్ళెం తీసుకుని, గుమ్మం దగ్గరికి పోయి మా నుంచి ఎడంగా కూర్చుంది.

సిద్దిరాములు తన పళ్ళెం ఎత్తుకున్నాడు. పోయి ఆమె పక్కన, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. నేను గోనెగుడ్డతో గట్క కుండను, తర్వాత పప్పుచారు గిన్నెను అక్కడికి చేర్చాను. ఇటు పక్కన కూర్చున్నాను.

నాలుగేళ్ళ తర్వాత ఒక ఇంట్లో వండిన గట్క. బొబ్బలెక్కిన వేళ్ళకు మండింది. ఆమె మెల్లగా, ఒక్కో ముద్దా ఆరేదాకా ఊదుకుని తింది. ఎప్పుడు ఆరిందో తెలియక సిద్దిరాములు వైపు చూసేది. అతను తల ఊపేవాడు. అప్పుడు నోట్లో పెట్టుకునేది.

వాగు అవతల జీపు శబ్దం వినబడింది. ఎవరమూ లేవలేదు. కుండలో ఇంకా ఉంది. సిద్దిరాములు పళ్ళెం ముందుకు జరిపాడు, ఆమె ఇంకో గరిటె వేసింది.